జవాబు కరెక్టే, కానీ యాప్ ఒప్పుకోదు: 3 స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, ఈ లెక్కల యాప్‌ని తిట్టిపోయడానికి కూర్చోలేదు. బొమ్మలు కదిలించి చూపించడంలో దీనికి వంక పెట్టలేం. నా గొడవంతా జవాబులు దిద్దే దగ్గరే.

మా అమ్మాయికి గ్రాఫ్ మీద ఆకారాన్ని తిప్పడం, అద్దంలో చూసినట్టు బోర్లించడం, అదే రొటేషన్, రిఫ్లెక్షన్, విడివిడిగా బాగానే వచ్చు. రెండూ కలిపి ఒకదాని మీద ఒకటి చెయ్యమంటేనే తడబడేది. 90 డిగ్రీలు అపసవ్యదిశలో తిప్పితే (ఎక్స్, వై) కాస్తా (-వై, ఎక్స్) అవుతుందని నిద్రలో లేపి అడిగినా చెప్తుంది, కానీ ఆ సూత్రం వేశాక బొమ్మ ఎటు పోయిందంటే మాత్రం దిక్కులు చూస్తుంది. అందుకే దీనికి ఏడాది చందా కట్టాం. నెలన్నరగా రోజూ వాడుతున్నాం.

బాగున్నది ముందు చెప్తా. (1, 2), (4, 2), (4, 3) శీర్షాలుగా ఒక త్రిభుజం ఇస్తాడు, కింద రెండు బటన్లు: ఎక్స్ అక్షం మీద రిఫ్లెక్షన్ ఒకటి, మూలబిందువు చుట్టూ అపసవ్యదిశలో 90 డిగ్రీల రొటేషన్ ఒకటి. ముందు రిఫ్లెక్షన్ నొక్కితే త్రిభుజం కిందికి పడి (1, -2), (4, -2), (4, -3) దగ్గర కూర్చుంటుంది, తర్వాత రొటేషన్ నొక్కితే మళ్లీ పైకొచ్చి (2, 1), (2, 4), (3, 4) దగ్గర ఆగుతుంది. ఇప్పుడు అదే త్రిభుజాన్ని ముందు తిప్పి తర్వాత బోర్లించండి. (-2, -1), (-2, -4), (-3, -4). ఎక్కడో ఎదురుమూలకి పోయింది! పాత బొమ్మ లేతరంగులో అలాగే ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి కనిపిస్తాయి. "రెండూ చేస్తున్నాంగా నాన్నా, ఏది ముందైతే ఏంటి" అని అప్పటిదాకా నాతో వాదించిన మనిషి, అది చూశాక ఇంకేం అనలేదు. అదే బటన్లు మార్చి మార్చి పదిసార్లు నొక్కింది.

ఇంకో మంచి విషయం, ముందు బోర్లించి తర్వాత తిప్పినప్పుడు వచ్చిన బొమ్మ దగ్గర ఆగి వై = ఎక్స్ గీతని ఆన్ చేస్తే, అసలు త్రిభుజం, చివరి త్రిభుజం ఆ గీతకి అటూ ఇటూ అద్దం పెట్టినట్టు కనిపిస్తాయి. అంటే మనం చేసిన రెండు పనులూ కలిసి ఒకే ఒక్క రిఫ్లెక్షన్ అయిపోయాయన్నమాట. వరస తిరగేస్తే అద్దం వై = -ఎక్స్ గీతకి మారుతుంది. ఇది నేను చదువుకునే రోజుల్లో నాకెవరూ చూపించలేదు, నిజం చెప్పాలంటే ఆ రోజు అమ్మాయి కంటే నేనే ఎక్కువసేపు ఆడుకున్నా.

తిప్పే కేంద్రం మూలబిందువు కానప్పుడు ఏం చెయ్యాలో కూడా బాగా చూపించాడు. (5, 1)ని (2, 1) చుట్టూ అపసవ్యదిశలో 90 డిగ్రీలు తిప్పాలంటే, కేంద్రాన్ని మూలబిందువు దగ్గరకి లాక్కొచ్చాక మన బిందువు (3, 0), తిప్పితే (0, 3), మళ్లీ వెనక్కి జరిపితే (2, 4). మూడు అడుగులూ మెల్లగా కదులుతాయి.

ఇక అసలు గొడవ. రెండో భాగంలో 14వ ప్రశ్న. అదే త్రిభుజం, (2, 1), (2, 4), (3, 4) దగ్గరకి చేర్చాలి, ముందు ఒక రొటేషన్, తర్వాత ఒక రిఫ్లెక్షన్ వాడమన్నాడు. మా అమ్మాయి సవ్యదిశలో 90 తిప్పి, ఎక్స్ అక్షం మీద బోర్లించింది. తప్పు అని ఎర్రగా వచ్చింది. జవాబు చూస్తే "అపసవ్యదిశలో 90, తర్వాత వై అక్షం" అని ఉంది. అదీ కరెక్టే, కాదనను. కానీ ఇదెలా తప్పు? సవ్యదిశలో తిప్పితే (2, -1), (2, -4), (3, -4), ఎక్స్ అక్షం మీద బోర్లిస్తే సరిగ్గా అడిగిన చోటే. 180 తిప్పి వై = -ఎక్స్ మీద బోర్లించినా అక్కడికే వస్తుంది. దారి ఏదైనా చేరాల్సిన చోటికి చేరితే మార్కు ఇవ్వాలి కదా, ఈ యాప్ మాత్రం బొమ్మ ఎక్కడుందో చూడకుండా మనం ఎంచుకున్న మాటల్ని తన దగ్గరున్న మాటలతో పోల్చి చూసుకుంటుంది. సవ్యదిశలో 90 అన్న చోట అపసవ్యదిశలో 270 అని రాసినా ఇదే కథ! అమ్మాయి మూడు రోజులు తను చేసింది నిజంగానే తప్పేమోనని టెన్షన్ పడింది. సహాయం విభాగానికి రెండుసార్లు రాశాను, "మీ సూచనను నమోదు చేసుకున్నాం" అని రెండుసార్లూ ఒకటే జవాబు.

చివరికి ట్రేసింగ్ పేపర్ తెచ్చి గ్రాఫ్ మీద పెట్టి, త్రిభుజం దిద్ది, మూలబిందువు దగ్గర పెన్సిల్ మొన గుచ్చి తిప్పి చూపించా. రిఫ్లెక్షన్ కోసం కాగితాన్ని తిరగెయ్యాల్సిందే, ఎంత తిప్పినా పని జరగదు. యాప్‌లో ఎక్కడా చెప్పని సంగతి ఇక్కడే బయటపడింది: శీర్షాలకి ఏ, బి, సి అని పేర్లు పెట్టి వేలితో వరసగా చూపిస్తే, అసలు త్రిభుజంలో వేలు అపసవ్యదిశలో తిరుగుతుంది, చివరి దాంట్లో సవ్యదిశలో. అంటే మధ్యలో బేసిసార్లు బోర్లించారని లెక్క చెయ్యకుండానే తెలిసిపోతుంది. సరిసంఖ్యలో బోర్లిస్తే దిశ మారదు. ఇంత చిన్న చిట్కా పాఠంలో ఎందుకు లేదో.

రెండు రిఫ్లెక్షన్లు కలిస్తే రొటేషన్ అవుతుందన్న పాఠం మాత్రం మొక్కుబడిగా చుట్టేశాడు. గీతల మధ్య కోణానికి రెట్టింపు తిరుగుతుంది అని ఒక డబ్బాలో రాసి వదిలేశాడు. ఎక్స్ అక్షం, తర్వాత వై = ఎక్స్, మధ్యలో 45 డిగ్రీలు, కాబట్టి 90 తిరుగుతుంది అని ఒక్క బొమ్మ కదిలించి చూపిస్తే పోయేది.

చిన్న ఫోన్‌లో అయితే వేలే బిందువుని కప్పేస్తుంది, ట్యాబ్ ఉంటేనే తీసుకోండి. బొమ్మల కోసం తీసుకోవచ్చు, పరీక్ష మార్కులు మాత్రం పట్టించుకోకండి. 14వ ప్రశ్న మా ఖాతాలో ఇప్పటికీ ఎర్రగానే ఉంది. యాప్ జవాబు నొక్కితే పచ్చగా మారుతుంది, కానీ మా అమ్మాయి నొక్కనంటోంది.