గండికోటకు వెళ్లేముందు ఒక రోజు కడపలో ఆగండి

పదేళ్ల కిందట గండికోటకు వెళ్లినప్పుడు పెన్నా లోయ అంచున నాలుగు ఫోటోలు దిగి, రెండు గంటల్లో తిరిగొచ్చేశాం. ఈసారి ఒక రోజు ముందే కడపలో దిగి, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో కూర్చున్నాను. ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ రోజే.

బ్రౌన్ దొర 1820ల్లో ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పటి గ్రంథాలయం. కడప జిల్లా కైఫీయత్తులను, అంటే ఊళ్ల చరిత్రల రాతలను, సంపుటాలుగా అచ్చు వేయించింది కూడా వీళ్లే. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కల్నల్ మెకంజీ సర్వేకు వచ్చాడు. ఊరూరా కరణాల దగ్గరున్న దండకవిలెలు (ఊరి పాత లెక్కల పుస్తకాలు) చూసి, పెద్దలు చెప్పింది విని రాయించినవే కైఫీయత్తులు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టారు, చెరువు కింద మాన్యం ఎవరిది అన్నీ ఉంటాయి. జనమేజయుడి కథ, మడిచెక్కల లెక్క ఒకే పేజీలో కనిపిస్తాయి. మొదట్లో ఆ భాష కొరుకుడు పడదు. పైకి చదివితే తేలికవుతుంది. ఏ ఊరిది కావాలో చెబితే అక్కడివాళ్లు ఓపిగ్గా వెతికి ఇచ్చారు. సెలవు రోజులు ముందే కనుక్కుని వెళ్లండి.

ఆ రాత్రి జమ్మలమడుగులో బస చేయడం మాత్రం పొరపాటే. లాడ్జిలో వేడినీళ్లు రాలేదు, అర్ధరాత్రి దాకా కింద గోల. అక్కడి నుంచి కోట పదిహేను కిలోమీటర్లే కానీ, తిరుగు ప్రయాణానికి ఆటో దొరుకుతుందో లేదో అని సాయంత్రమంతా టెన్షన్. కోట దగ్గరే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. శని, ఆదివారాల్లో వెళ్లేవాళ్లు ముందే గది చెప్పుకోవడం మంచిది. తిండికి మాత్రం జమ్మలమడుగుకు వంక పెట్టను. అక్కడ తిన్న రాగి సంకటి, నాటుకోడి పులుసు ఇంకా గుర్తున్నాయి.

కోటలో ఒక కుర్రాడిని గైడుగా పెట్టుకున్నాను. కత్తుల కోనేరు దగ్గర ఆగి, "అన్నా, యుద్ధం అయినాక కత్తులన్నీ ఈడనే కడిగినారంట. అందుకే నీళ్లు ఎర్రగుండాయి" అన్నాడు. వాళ్ల తాత చెప్పిన కథట. ఆ తాత లాంటి వాళ్లు చెప్పిన కథలే కదా కరణాలు రాసుకున్నది!

అలాగని విన్నదల్లా నమ్మక్కర్లేదు. ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడైన బొమ్మనపల్లె కాకరాజు 1123లో ఈ కోట కట్టాడని చాలాచోట్ల కనిపిస్తుంది. కానీ ఆ చాళుక్య రాజు 1068లోనే తుంగభద్రలో మునిగి ప్రాణం విడిచాడు. ఆ తేదీ అయినా తప్పు కావాలి, రాజు పేరైనా తప్పు కావాలి.

మాధవరాయ గుడిలో ఎక్కువసేపు నిలబడిపోయాను. గోపురం చెక్కుచెదరలేదు, లోపల గర్భగుడి మాత్రం ఖాళీ. ఆ చీకట్లో నాకు టావెర్నియే రాసింది గుర్తొచ్చింది. ఈ ఫ్రెంచి వజ్రాల వర్తకుడు 1652లో ఇక్కడికొచ్చి, కోట పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. గుళ్లలోని రాగి విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయమని మీర్ జుమ్లా తన కొలువులోని ఒక ఫ్రెంచి మనిషికి పని అప్పగించాడట. మిగతావి కరిగాయి కానీ, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదు. పూజారులు మంత్రం వేశారని వాళ్లను బెదిరించారు కూడా. చివరికి ఒక్క ఫిరంగీ సరిగ్గా తయారు కాలేదు. మన దేవుళ్లతో ఏ సంబంధమూ లేని పరదేశి రాసిపెట్టుకున్న సంగతి ఇది.

అది చెబితే గైడు కుర్రాడు కళ్లప్పగించి విన్నాడు. గర్భగుడి గడప మీద చెయ్యి పెట్టి, "ఆరు బొమ్మలా అన్నా? ఎంత ఎత్తుండేవంట?" అని అడిగాడు. కడపలో తీసుకున్న కైఫీయతు పేజీల ఫోటోలు అక్కడే నిలబడి వాట్సాప్‌లో పంపాను. సిగ్నల్ అందక చివరి రెండూ బస్సెక్కాక వెళ్లాయి. పొద్దుగూకేలోపే అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "అన్నా, మా ఊరి కైఫీయతు కూడా ఉంటాదా?"