చిన్న చర్చిలో మూడు కెమెరాల ఆరాధన: ఏటెమ్ మినీ చాలాకాలం వాడాక

లాక్‌డౌన్ రోజుల్లో చాలా సంఘాల్లాగే మేమూ సెల్‌ఫోన్ స్టాండుకు బిగించి లైవ్ మొదలుపెట్టాం. తర్వాత కొన్నది బ్లాక్‌మ్యాజిక్ ఏటెమ్ మినీ. నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లు ఉండే ఈ చిన్న స్విచర్ (కెమెరాల బొమ్మల్లో ఏది లైవ్‌లోకి వెళ్లాలో బటన్‌తో మార్చే పెట్టె) 2019లో 295 డాలర్ల ధరతో వచ్చింది. ఆదివారం ఆరాధనలు, క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే కూడికలు అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. పెట్టె మంచిదే. కానీ చూసేవాళ్లకు తేడా తెలిసింది మాత్రం మిగతావాటికి పెట్టిన ఖర్చు వల్లే.

దీని గొప్పతనం ఏంటంటే, ఏ కెమెరా తగిలించినా తీసుకుంటుంది. బొమ్మ నాణ్యత ఒకదానిది 720, ఇంకోదానిది 1080 అయినా లోపలే సర్దుకుంటుంది. అందుకే మా కెమెరాలకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. బాల్కనీలో సోనీ సీఎక్స్405 హ్యాండీక్యామ్, పాటల బృందం వైపు పాత డీఎస్ఎల్ఆర్, హాలంతా కనబడేలా మూలన ఇంకో హ్యాండీక్యామ్. సీఎక్స్405కి 30 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది కాబట్టి అంత దూరం నుంచీ పాస్టర్ గారి ముఖం నిండుగా వస్తుంది. సెన్సార్ చిన్నది, వెలుతురు తగ్గితే బొమ్మ చుక్కలు చుక్కలవుతుంది. కెమెరా మార్చకుండా వేదికకు రెండు ఎల్‌ఈడీ లైట్లు పెట్టించాం, సరిపోయింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి డీఎస్ఎల్ఆర్‌లో 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకోండి, లేదంటే ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ మినుకుమంటుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు) ఆటోలో వదిలేస్తే ఒకే పాస్టర్ గారు ఒక కెమెరాలో పసుపుగా, ఇంకోదాంట్లో నీలంగా కనిపిస్తారు.

అసలు కష్టం సౌండ్‌తోనే. మిక్సర్ మెయిన్ అవుట్ నుంచి లైన్ ఇస్తే చాలనుకుంటారు. చిన్న హాల్లో డ్రమ్స్‌కి, ఢోలక్‌కి మైకు పెట్టరు, వాటి శబ్దం నేరుగానే వినిపిస్తుంది కదా. ఆన్‌లైన్‌లో మాత్రం పాట బోసిపోతుంది. అందుకే లైవ్‌కి మిక్సర్ నుంచి వేరే ఆక్స్ లైన్ (హాలు స్పీకర్లతో సంబంధం లేకుండా విడిగా కలుపుకునే సౌండ్) తీసి, సంఘం వైపు తిప్పిన మైకు ఒకటి అందులో కలిపాం. అప్పటిదాకా పాస్టర్ గారు ఖాళీ గదిలో ప్రసంగిస్తున్నట్టుండేది, ఇప్పుడు "ఆమెన్" వినిపిస్తుంది. ఆదివారం పని ఉండి రాత్రికి చూసుకునే కువైట్ వాళ్లు ముందు గమనించింది ఇదే. పెదాలకీ మాటకీ పొంతన తప్పితే ఏటెమ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో డిలే సరిచేయొచ్చు. ఆ సెట్టింగులను స్టార్టప్ స్టేట్‌గా (పెట్టె ఆన్ అయినప్పుడల్లా అవే వచ్చేలా) సేవ్ చేయకపోతే మాత్రం కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు అన్నీ మొదటికొస్తాయి. చిన్న యూపీఎస్ తప్పనిసరి.

నాలుగో ఇన్‌పుట్ పాటల సాహిత్యం చూపే ల్యాప్‌టాప్‌ది. నల్లటి స్లైడు మీద తెల్లటి అక్షరాలు పెట్టి కీ చేస్తే, అంటే స్విచర్‌లో ఆ నలుపును మాయం చేస్తే, అక్షరాలు వీడియో కింద చక్కగా పడతాయి. రెండు లైన్లు మించితే ఫోన్లో చదవలేరు. పాత అను ఫాంట్ల ఫైళ్లు వేరే ల్యాప్‌టాప్‌లో పిచ్చి అక్షరాలవుతాయి, యూనికోడ్‌లో మళ్లీ కొట్టుకోవాల్సిందే. ఆ పుణ్యం మా సండేస్కూల్ టీచర్లది.

కేబుళ్ల దగ్గర పిసినారితనం వద్దు. పదిహేను మీటర్ల మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌ని నమ్ముకుంటే బొమ్మ ఎప్పుడు పోతుందోనని ఆరాధనంతా టెన్షనే. దూరమైతే ఎస్‌డీఐ కన్వర్టర్ (హెచ్‌డీఎంఐని ఎక్కువ దూరం పోయే సిగ్నల్‌గా మార్చేది) పెట్టి కోయాక్స్ కేబుల్ లాగండి, లేదా స్విచర్ ఉన్న టేబులే కెమెరాల దగ్గరికి జరపండి.

లోటు ఒక్కటే, అన్ని కెమెరాలూ ఒకే తెర మీద చూపే మల్టీవ్యూ ఇందులో లేదు. ఎవరైనా కన్నీళ్లతో ప్రార్థిస్తుంటే మేం జూమ్ చేయం, వైడ్ షాట్‌కి వెళ్లిపోతాం. అలాంటప్పుడు ఆ కెమెరా ముందు ఎవరైనా నిలబడ్డారేమో బటన్ నొక్కేముందే తెలియాలి. ప్రివ్యూ ఒక్కో కెమెరాకే వస్తుంది కాబట్టి యూత్ పిల్లల చేతి సైగలే మాకు ఆధారం.

మల్టీవ్యూతో పాటు ల్యాప్‌టాప్ లేకుండా నేరుగా యూట్యూబ్‌కి పంపే సౌకర్యం కూడా దీని పై మోడల్ ఏటెమ్ మినీ ప్రోలో ఉంది. ఓబీఎస్ (ల్యాప్‌టాప్ నుంచి లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) తడబడకుండా నడిచే ల్యాప్‌టాప్ ఉంటే మినీ చాలు, తేడా డబ్బు మైకులకు పెట్టండి. లేకపోతే ప్రో కొనండి, మూడో కెమెరా తర్వాత చూసుకోవచ్చు.