ఇంగ్లీషు టీచర్లకు ఆబిడ్స్ ఆదివారం పుస్తకాలు

నేను రంగారెడ్డి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద ఆదివారం పరిచే పాత పుస్తకాల గురించి ఈ రివ్యూ, అదీ క్లాసులో పిల్లలతో చదివించడానికి కొనేవాళ్ళ కోసం. అరుదైన పుస్తకాలు వెతుక్కునేవాళ్ళ లెక్క వేరు.

ఫార్మేటివ్‌లో, అంటే ఏడాది మధ్యలో బడిలోనే జరిగే మూల్యాంకనంలో, ప్రతి విద్యార్థీ ఒక పుస్తకం చదివి సమీక్ష రాయాలి. చాలా మంచి పని అది. చదవడానికి పుస్తకమేదీ? గైడులో రెడీమేడ్ సమీక్షలుంటాయి, వాటినే దించేస్తారు. తొమ్మిదో తరగతి నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఒకే వాక్యం, అదే స్పెల్లింగ్ తప్పుతో సహా, వరసగా ఎదురవుతుంది. డైరీ, లెటర్, సంభాషణ, ఏ డిస్కోర్స్ ఇచ్చినా అంతే. ఏమీ చదవని పిల్లల్ని సొంతంగా రాయమంటే ఎక్కణ్ణించి రాస్తారు?

ఆదివారం షాపులు మూసి ఉంటాయి కాబట్టి జీపీఓ (పెద్ద పోస్టాఫీసు) చుట్టుపక్కల వాటి ముందే పుస్తకాలు పరుస్తారు. నాకు అన్నిటికన్నా పనికొచ్చినవి నాన్ డీటెయిల్ పుస్తకాలు: ప్రైవేటు బడుల పిల్లలు ఏడాది అయిపోగానే వదిలించుకున్న కథల సంకలనాలు, కుదించిన నవలలు. "ఒకటే బుక్కు అయిదు కాపీలు కావాలె అన్నా" అంటే, "జూన్ల రా మేడమ్, సెట్లు సెట్లు వస్తయ్" అన్నాడు నేను ఎప్పుడూ కొనే ఆయన. అన్నట్టే వచ్చాయి. ఒక్కోటి ముప్ఫై, నలభై రూపాయలకు ఇచ్చాడు, కట్టగా తీసుకుంటే ఇంకా తగ్గించాడు. ఇప్పుడు క్లాసులో అయిదుగురికో గ్రూపు, గ్రూపుకో కథ.

ఇంకో లాభం పాత పుస్తకాల వల్లే వచ్చింది. మార్జిన్లలో ముందు చదివిన పిల్లల రాతలుంటాయి. ఒక కథలో తండ్రి కొడుకు మీద చెయ్యి చేసుకునే చోట ఎవరో 'ఫాదర్ ఈజ్ రాంగ్' అని రాశారు. మా క్లాసు అమ్మాయి ఒకరు దాని కింద పెన్సిల్‌తో 'నో, హి ఈజ్ అఫ్రెయిడ్' అని రాసింది. ఎందుకట్లా అనిపించిందమ్మా అని అడిగితే కథ మొదట్లోంచి రెండు వాక్యాలు వేలు పెట్టి చూపించింది. అభిప్రాయం చెప్పడం, దానికి ఆధారం కథలోంచే చూపడం. సాహిత్యం క్లాసులో నేను కోరుకునేది ఇదే. ఆ ఒక్క ముక్కనే పేరాగా పెంచమన్నాను. టెన్సులు అటూ ఇటూ అయ్యాయి. అయినా ప్రతి వాక్యం ఆ పిల్లదే, ఎంత సంతోషమేసిందో! కొత్త పుస్తకమిస్తే మా పిల్లలు దానిమీద పెన్సిల్ పెట్టడానికే జంకుతారు.

కొనేముందు మొదటి, చివరి పేజీలతో పాటు మధ్యలో కుట్టు దగ్గర కూడా చూడండి, పేజీలు అక్కడే ఊడిపోతాయి. ప్లాస్టిక్ కవర్‌లో మెరిసే కొత్త బెస్ట్‌సెల్లర్లు చాలావరకు దొంగ ప్రింట్లు. అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. పాత రీడర్స్ డైజెస్ట్‌లు మాత్రం వదలకండి, అందులోని చిన్న అనుభవాలు ఒక్క పీరియడ్‌లో చదివి, అలాంటిదే తమది రాయించడానికి సరిపోతాయి.

ఇబ్బందుల్లో పెద్దది బిల్లు. ఫుట్‌పాత్ మీద ఇవ్వరు, స్కూల్ గ్రాంట్‌లో చూపాలంటే బిల్లు కావాలి. కాబట్టి ఖర్చు మన జేబులోంచే. ఇంత చవకగా క్లాసంతటికీ పుస్తకాలు దొరికే చోటికి ఆ గ్రాంట్ డబ్బు అందే దారి ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఇంగ్లీషు నాటికలు నాకింకా దొరకలేదు. కోఠీలో అడిగాను, అక్కడ ఎక్కువగా పోటీ పరీక్షలవీ, ఇంజనీరింగ్‌వీ ఉన్నాయి.

నాంపల్లి మెట్రో దిగి నడిచి వెళ్ళొచ్చు. వానాకాలంలో మబ్బు చూసుకుని బయల్దేరండి, చినుకు పడితే పట్టాలు కప్పేస్తారు. గట్టి గుడ్డసంచీ ఒకటి వెంట ఉంచుకోండి.