ట్యునీషియా: తీరం వెంట రైలు, లోపలికి లువాజ్

ట్యునీషియా ప్యాకేజీ టూర్లు ఎక్కువగా సముద్రం ఒడ్డునే తిరుగుతాయి. హమ్మామెత్, సూస్, మొనాస్తీర్, మహా అయితే ఎల్ జెమ్‌లో రోమన్లు కట్టిన ఆంఫీథియేటర్. 2010 డిసెంబరులో అరబ్బు దేశాలను కుదిపేసిన తిరుగుబాటు మొదలైన ఊరు, లోపలున్న సిదీ బూజీద్, మాత్రం ఆ ప్యాకేజీల్లో కనపడదు. ఆ ఊరు చూడాలనే మా ఆవిడా నేనూ ఏజెంటు జోలికి పోకుండా సొంతంగా ప్లాన్ వేసుకున్నాం. ఎక్కడ దిగాం, ఏం తిన్నాం, ఏది పెట్టిన డబ్బుకు తగ్గట్టుంది అన్నవే రాద్దామని కూర్చున్నాను. మధ్యలో చరిత్ర దూరుతుంది, ఓపిక పట్టండి.

హైదరాబాద్ నుంచి దోహా మీదుగా ట్యూనిస్ చేరాం. దినార్లు ముందే కొనిపెట్టుకుందామంటే కుదరదు. ఆ కరెన్సీని దేశంలోకి తేవడమూ నిషేధమే, బయటికి తీసుకెళ్లడమూ నిషేధమే. డాలర్లో యూరోలో పట్టుకెళ్లి ఎయిర్‌పోర్టులో మార్చుకుని, రసీదు మాత్రం భద్రంగా దాచుకోండి. చేతికొచ్చిన పది దినార్ల నోటు మీద ఉన్నది తవ్హీదా బెన్ షేక్ బొమ్మ, ఆ దేశపు తొలి మహిళా డాక్టరు. 2020లో వేశారట. రాజూ కాదు, అధ్యక్షుడూ కాదు, ఒక డాక్టరమ్మ. మా ఆవిడకు ఆ నోటు తెగ నచ్చేసింది, ఖర్చు పెట్టనివ్వలేదు.

ట్యూనిస్‌లో రెండు రకాల బస చూశాం. మొదటిది మదీనాలో, అంటే పాతబస్తీలో, ఒక పాత కుటుంబం తమ మండువా ఇంటిని గెస్ట్ హౌస్‌గా మార్చి నడుపుతోంది. నట్టింట వాకిలి, గోడలకు నీలం పచ్చ పలకలు, పొద్దున్నే వేడి రొట్టె, ఆలివ్ నూనె, అంజీర జామ్. ఇబ్బందల్లా సామానుతోనే. టాక్సీ సందు మొదట్లోనే దించేస్తుంది, అక్కణ్ణుంచి రాళ్ల బాట మీద సూట్‌కేసు లాక్కుంటూ పోవాలి. రాత్రి ఎనిమిది దాటితే బజారు మూసేస్తారు, సందులు బోసిపోతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ మెట్లు కష్టం. రెండో బస కొత్త టౌన్‌లో, బుర్గీబా అవెన్యూ పక్కన. గది మామూలే, ట్రాము మోత, కానీ లిఫ్ట్ ఉంది, కాలు బయట పెడితే అన్నీ దగ్గరే. ఒక్కచోటే ఉండే వీలుంటే నా ఓటు మదీనాకే.

బుర్గీబా అవెన్యూలో ఒక సాయంత్రమంతా గడపండి. ఆ చివర మధ్యయుగపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ విగ్రహం, దానికి అటూఇటూ ఫ్రెంచ్ ఎంబసీ, ఫ్రెంచివాళ్లు కట్టిన కేథడ్రల్. ఈ చివర గడియారం స్తంభం, గుర్రం మీద హబీబ్ బుర్గీబా. స్వాతంత్ర్యం తెచ్చిన ఈ నాయకుణ్ణి 1987 నవంబరు 7న ప్రధాని బెన్ అలీ 'ముసలితనం, ఆరోగ్యం బాలేదు' అని డాక్టర్ల సంతకాలతో గద్దె దింపి తానే ఎక్కాడు. తర్వాత ఆయన విగ్రహాన్ని కూడా ఇక్కణ్ణుంచి తీయించి రేవు పేట లా గులెత్‌కి పంపేశాడు. బెన్ అలీ దేశం వదిలి పారిపోయింది 2011లో, విగ్రహం తిరిగొచ్చింది 2016లో. ఆ దగ్గర్లోనే హోం శాఖ భవనం, బూడిద రంగులో, చుట్టూ ముళ్ల కంచె. 2011 జనవరి 14న జనం "వెళ్లిపో" అని అరిచింది దీని ముందే. నేను ఫోన్ పైకెత్తానో లేదో, కాపలా కుర్రాడు వేలు ఊపి వద్దన్నాడు. అటువైపు ఫొటోలు తీయనివ్వరు. పదడుగుల అవతల కాఫీ బల్లల దగ్గర ఆడపిల్లలు కొందరు తలకు గుడ్డతో, కొందరు లేకుండా ఒకే బల్ల చుట్టూ కూర్చుని గలగలా నవ్వుకుంటున్నారు. అదే మదీనా లోపలి కాఫీ హోటళ్లలో ఒక్క ఆడమనిషి కనపడదు. మా ఆవిడ లోపలికి రాగానే తలలన్నీ తిరిగాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ టీ తొందరగా తాగేసి లేచాం.

బార్దో మ్యూజియం తప్పక చూడండి, మొజాయిక్‌లకు అర పూట చాలదు. పార్లమెంటుకు ఆనుకునే ఉంటుంది. 2021 జులైలో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేసినప్పుడు మ్యూజియానికీ తాళం పడింది, 2023 సెప్టెంబరులో గానీ తెరవలేదు. 2015 మార్చిలో ఇక్కడే టూరిస్టుల మీద కాల్పులు జరిగాయి, చనిపోయినవాళ్ల స్మారకం గుమ్మంలోనే కనిపిస్తుంది. కార్తేజ్ శిథిలాలు, సిదీ బూ సయీద్ అనే ఊరు టీజీఎం అనే చిన్న రైల్లో ఒక్క రోజులో అయిపోతాయి. టికెట్ కారుచౌక, బోగీలు పాతవి. సిదీ బూ సయీద్ ఫొటోల్లో ఉన్నంత అందంగానే ఉంది, కాఫీకి మాత్రం ట్యూనిస్ కంటే బాగా ఎక్కువ గుంజుతారు.

సూస్‌కి మామూలు రైల్లో వెళ్లాం. ఆలస్యంగానే బయల్దేరినా సీట్లు సుఖంగా ఉన్నాయి. సూస్ నుంచి మొనాస్తీర్‌కి కరెంటు రైలు ఉంది. మొనాస్తీర్ బుర్గీబా సొంతూరు, సమాధి కూడా అక్కడే, బంగారు గుమ్మటం, రెండు మినార్లు. తలుపు మీద ఆయన బిరుదులు చెక్కారు, వాటిలో ఒకటి 'స్త్రీ విమోచకుడు'. కోతలనుకోనక్కర్లేదు. స్వాతంత్ర్యం వచ్చిన అయిదు నెలలకే, 1956 ఆగస్టు 13న, బహుభార్యత్వాన్ని రద్దు చేసే చట్టం తెచ్చాడు. నోటిమాట తలాక్ పోయి విడాకులు కోర్టుకు వచ్చాయి. ఈ ఆలోచనకు పునాది 1930లోనే తాహిర్ హద్దాద్ వేశాడు. జైతూనా మదర్సాలో చదివినవాడే, స్త్రీల హక్కుల మీద పుస్తకం రాసినందుకు అక్కడి పండితులే అతణ్ణి వెలివేశారు. 1960ల మొదట్లో ఒక రంజాన్‌లో బుర్గీబా అందరూ చూస్తుండగా నారింజ రసం తాగి, దేశం వెనకబాటు మీద పోరాటమూ జిహాదేనన్నాడు. సంస్కరణ అంతా పైనుంచి దిగింది, అడ్డు చెప్పినవాళ్లు జైలుకెళ్లారు. ఆయన హయాంలో ఫ్యాక్టరీలూ రోడ్లూ హోటళ్లూ కూడా ఎక్కువగా తీరానికే వచ్చాయి, ఆయన పుట్టిన వైపుకే.

సూస్‌లో మేం దిగిన 'ఆల్ ఇంక్లూజివ్' హోటల్ పెద్ద నిరాశ. చేతికి ప్లాస్టిక్ పట్టీ కట్టారు, బీచ్ బాగుంది, తిండి మాత్రం ఎక్కడికెళ్లినా దొరికే చప్పిడి బఫే. శాకాహారమంటే ఉడికించిన కారెట్. రెండో రోజు నుంచి బయటే తిన్నాం. లబ్లాబీ అని ఒకటుంటుంది. గిన్నెలో రొట్టె ముక్కలు తుంచి, మీద ఉడికిన శనగలు పులుసుతో సహా పోసి, జీలకర్ర పొడి, ఆలివ్ నూనె, హరిస్సా కారం వేస్తారు. "బ్లా తోన్" అని ముందే చెప్పకపోతే ట్యూనా చేప కూడా పడుతుంది. గుడ్డు వద్దంటే అదీ చెప్పాలి. రెండు గిన్నెలకు అయిన ఖర్చు హోటల్లో ఒక కాఫీ కంటే తక్కువ.

రైలు సుఖం తీరంతో సరి. లోపలికి లువాజ్ ఎక్కాం. ఎనిమిది మంది నిండితే కదిలే తెల్ల వ్యాను, వేరే జిల్లాకు పోయేదానికి పక్కన ఎర్ర గీత ఉంటుంది. టైమ్ టేబుల్ లేదు, బేరం లేదు, రేటు ఖరారు. ట్యునీషియాలో నాకు బాగా నచ్చిన సర్వీసు ఇదే. కైరవాన్‌లో దిగి పెద్ద మసీదు చూసి, ఖర్జూరం కూరిన మక్రూద్ మిఠాయి కొనుక్కుని, ఇంకో లువాజ్ పట్టుకున్నాం. పక్క సీటులో సూస్‌లో లా చదివే అమ్మాయి, సెలవలకు ఇంటికెళ్తోంది. దారి పొడవునా ఆలివ్ చెట్లు, బాదం తోటలు. ఒకచోట కూలికెళ్లే ఆడవాళ్లు టాప్ లేని ట్రక్కులో నిలబడి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని పోతున్నారు. "మా పిన్ని కూడా ఇలాగే వెళ్తుంది" అంది ఆ అమ్మాయి. 2019 ఏప్రిల్‌లో సిదీ బూజీద్ జిల్లాలోనే అలాంటి బండి ప్రమాదానికి గురై 12 మంది చనిపోయారు. పల్నాడు మిర్చి కోతలకు కూలీలను కుక్కి తీసుకెళ్లే ఆటోలు చూసినవాళ్లకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

సిదీ బూజీద్‌లో చూడ్డానికేమీ లేదంటారు, నిజమే. ఒక పెద్ద రోడ్డు, గవర్నరు ఆఫీసు, పోస్టాఫీసు గోడ మీద మొహమ్మద్ బువాజీజీ నిలువెత్తు బొమ్మ, రోడ్డు మధ్యలో రాతి తోపుడుబండి. 26 ఏళ్ల కుర్రాడు, పండ్లూ కూరగాయలూ అమ్మేవాడు. 2010 డిసెంబరు 17న మున్సిపాలిటీ వాళ్లు సరుకూ తూకమూ లాక్కున్నారు. ఈ ఆఫీసుకొచ్చి మొరపెట్టుకుంటే వినే నాథుడు లేకపోయాడు, గేటు ముందే నిప్పంటించుకున్నాడు, జనవరి 4న చనిపోయాడు. మేం వెళ్లిన రోజున ఆ బొమ్మ కిందే అయిదారు బళ్లు, దానిమ్మలు, పచ్చిమిర్చి. దానిమ్మలు తూచిన పెద్దాయన "ఫొటో తీసుకో ఖూయా (తమ్ముడూ), ఏమీ అనరు" అన్నాడు. అదే మాకు దొరికింది, మాట్లాడ్డానికి నోరు వచ్చింది గానీ పని రాలేదు అన్నది ఆయన లెక్క. ఆ నోరైనా ఎంతకాలమో తెలీదని లా అమ్మాయి దారిలోనే చెప్పింది, సయీద్ ప్రత్యర్థులు చాలామంది ఇప్పుడు జైళ్లలో ఉన్నారు. ఆ సయీదే 2021లో విప్లవ దినాన్ని జనవరి 14 నుంచి డిసెంబరు 17కు మార్చాడు. ఊరికి పండుగ తేదీ దక్కింది, రైలు ఇంకా దక్కలేదు.

ఇక్కడ బస విషయంలో ఆశలు పెట్టుకోకండి. మేం దిగిన హోటల్లో వేడినీళ్లు రాలేదు, రిసెప్షన్‌లో ఫ్రెంచ్ తప్ప ఇంగ్లీషు లేదు. వాళ్లింట్లో కాచిన టీ మాత్రం అడక్కుండానే పైకి పంపారు. సూస్ హోటల్‌కు కట్టినదాంట్లో నాలుగో వంతు కూడా తీసుకోలేదు. ఒక్క రాత్రికి ఫరవాలేదు.

ఇంకా దక్షిణానికి, గఫ్సా ఫాస్ఫేట్ గనుల వైపు, వెళ్లే టైము మాకు లేకపోయింది. 2008లో రెదెయెఫ్‌లో ఉద్యోగాల కోసం నెలల తరబడి గొడవ జరిగింది అక్కడే. మన ఎరువులకూ ఆ దేశపు ఫాస్ఫేట్‌కూ సంబంధం ఉంది: కాకినాడలో, విశాఖలో ఎరువులు చేసే కోరమాండల్‌కు స్ఖీరా రేవులోని టిఫర్ట్ ఫాస్ఫారిక్ యాసిడ్ ఫ్యాక్టరీలో వాటా ఉంది.

వెళ్లేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. ఆగస్టులో లోపలి ఊళ్ల ఎండ మన రెంటచింతలకు తీసిపోదు. రంజాన్‌లో అయితే పగలు చాలా హోటళ్లు మూసేస్తారు. సూస్‌లో ఒక రోజు తగ్గించి, ఆ రోజు కైరవాన్‌లో నిద్ర చేసి, పొద్దున్నే లువాజ్‌లో సిదీ బూజీద్ చూసి సాయంత్రానికి వెనక్కి వచ్చేయండి. వేడినీళ్ల బాధ ఉండదు.