విదేశీ పల్లె క్లినిక్‌లో సేవ: ఇంటివాళ్లతో ఉండటమా, వాలంటీర్ల బసలోనా? ఏది మేలు?

విదేశంలో ఒక పల్లె క్లినిక్‌లో కొన్నాళ్లు సేవ చేయాలనుకునేవారు ముందు దేశాన్ని ఎంచుకుంటారు, తర్వాత తేదీలు చూసుకుంటారు. ఎక్కడ ఉంటాం అన్న ప్రశ్న అన్నిటికన్నా చివర వస్తుంది. నేనైతే దాన్ని ముందుకు తెస్తాను. మనకు భాష ఎంత పట్టుబడుతుంది, రోగుల బతుకు ఎంత అర్థమవుతుంది, మన రాకవల్ల ఆ ఊరికి ఎంత శ్రమ కలుగుతుంది అన్నవి చాలావరకు ఉండే చోటును బట్టే తేలతాయి.

దారులు ముఖ్యంగా రెండు. ఊళ్లో ఒక కుటుంబంతో కలిసి, వాళ్ల ఇంట్లో ఉండటం మొదటిది. క్లినిక్ గానీ, పంపిన సంస్థ గానీ నడిపే బసలో తోటి వాలంటీర్లతో ఉండటం రెండోది. ఎక్కడ ఎక్కువ నేర్చుకుంటాం, ఎక్కడ హాయిగా ఉంటాం అని చాలామంది పోలుస్తారు. అవి చిన్న ప్రశ్నలని అనను. కానీ వాటికన్నా ముందు అడగవలసింది ఒకటుంది: మన రాక భారం ఎవరి మీద పడుతుంది? విదేశాల్లో వైద్య శిక్షణకు సంబంధించిన నైతికత మీద 2010లో ఒక నిపుణుల బృందం మార్గదర్శకాలు వెలువరించింది. వచ్చినవారివల్ల ఆతిథ్యమిచ్చే సంస్థకు అయ్యే అసలు ఖర్చును గుర్తించి భర్తీ చేయాలని అందులో ఉంది. ఆ మాట ఇంటికి కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

అనుభవమున్న సంస్థలు సైతం ఈ విషయంలో ఒకే దారిలో లేవు. 1961లో మొదలైన అమెరికా పీస్ కోర్ తన వాలంటీర్లను 27 నెలలకు పంపుతుంది. మొదటి మూడు నెలల శిక్షణకాలంలో వాళ్లు సాధారణంగా స్థానిక కుటుంబాలతోనే ఉంటారు. 1971లో పారిస్‌లో పుట్టిన వైద్య సహాయ సంస్థ మెడ్‌సాన్ సాన్ ఫ్రాంటియర్ (సరిహద్దులు లేని వైద్యులు) మాత్రం తన బృందాలను ఎక్కువగా ఉమ్మడి నివాసాల్లో ఉంచుతుంది. యుద్ధాలు, అంటువ్యాధుల మధ్య పనిచేసేవారికి భద్రత ముఖ్యం, అర్ధరాత్రి అందరూ ఒక్కసారిగా కదలాల్సి రావచ్చు. ఊరితో కలిసిపోవడం పీస్ కోర్ పనిలో సగం. రెండు పద్ధతులూ ఆయా పనులకు తగినవే. అందువల్ల పోల్చేటప్పుడు మన పని ఏమిటో, ఎంతకాలమో దృష్టిలో పెట్టుకునే పోల్చాలి.

ఇంటివాళ్లతో ఉండటం వల్ల కలిగే మేలు అనగానే అందరూ భాష పేరు చెబుతారు. నిజమే, కానీ అంతకన్నా పెద్ద మేలు మరొకటుంది. క్లినిక్‌లో రోగి మనకు కొన్ని నిమిషాలే కనిపిస్తాడు. ఇల్లు ఆ నిమిషాలకు ముందూ వెనకా ఏముందో చూపిస్తుంది. ఒక తల్లి నెలల తరబడి దగ్గుతో వస్తుంది. రిజిస్టరులో దగ్గు అని రాసి, మందిచ్చి పంపిస్తారు. అదే ఊళ్లో ఒక వంటింట్లో తెల్లవారుజామున కట్టెల పొయ్యి దగ్గర కూర్చుంటే ఆ దగ్గుకు మూలం ఏమై ఉండవచ్చో కళ్లు మండుతుండగానే తెలుస్తుంది. ఇళ్లలోని పొగ వల్ల 2020లో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంకె చదివి తెలుసుకోవడం వేరు, ఆ పొగలో వంట వండే మనిషి పక్కన కూర్చోవడం వేరు. అలా కూర్చున్నవారు మర్నాడు క్లినిక్‌లో రోగిని అడిగే ప్రశ్నలే మారిపోతాయి: వంట ఎక్కడ చేస్తారు, కిటికీ ఉందా, పిల్లలు ఎక్కడ పడుకుంటారు అని.

మందులు మధ్యలో మానేసేవారి విషయమూ అంతే. రోగికి శ్రద్ధ లేదని క్లినిక్ గోడల మధ్య తేలిగ్గా అనేస్తాం. కోతల కాలంలో ఒక రోజు క్లినిక్‌కు వెళ్తే ఆ రోజు కూలి పోతుందని, నడవడానికే పూట పడుతుందని, ఇంట్లో చిన్నపిల్లను చూసుకునేవారు లేరని ఆ ఇంట్లో ఉన్నవారికి తెలుస్తుంది. ఈ ఎరుక లేకుండా ఇచ్చే ఆరోగ్య సలహా ఎంత మంచిదైనా గాలిలో కలిసిపోతుంది.

భాష విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. గ్వాటెమాలాలో కుటుంబాలతో ఉంటూ స్పానిష్ నేర్చుకోవడం చాలా పేరున్న పద్ధతి. కానీ ఆ దేశంలో 22 మాయా భాషలకు గుర్తింపు ఉంది. కొండప్రాంతాల క్లినిక్‌లకు వచ్చే వృద్ధుల్లో స్పానిష్ అంతగా రానివారు ఉంటారు. వాలంటీరు కష్టపడి నేర్చుకున్న భాష రోగికి కూడా రెండో భాషే అన్నమాట. ఇలాంటి పరిస్థితి ఇంకా చాలా దేశాల్లో ఉంది. ఇంట్లో పట్టుబడే భాష మనుషులను దగ్గర చేస్తుంది. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని తేల్చుకోవడానికి మాత్రం శిక్షణ ఉన్న దుబాసీ కావాలి. ఇంటివాళ్ల పిల్లవాణ్ని వెంట తీసుకువెళ్లి రోగులతో మాట్లాడించడం ఎంతమాత్రం తగదు. ఆ పిల్లవాడి చెవిన పడకూడని సంగతులెన్నో అక్కడ వస్తాయి.

ఇక్కడే ఇంటి బసలోని అతి పెద్ద చిక్కు మొదలవుతుంది. చిన్న ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. ఈరోజు క్లినిక్‌కు ఎవరొచ్చారని రాత్రి భోజనాల దగ్గర ఇంటావిడ ప్రేమగానే అడుగుతుంది. ఆ ప్రశ్న వెనక దురుద్దేశం ఏమీ ఉండదు, రోజంతా ఎలా గడిచిందో కనుక్కోవడం అంతే. కానీ వచ్చినవారిలో గర్భం సంగతి ఇంకా ఎవరికీ చెప్పని అమ్మాయి ఉండవచ్చు. హెచ్ఐవీ మందుల కోసం దూరం నుంచి చాటుగా వచ్చినవారు ఉండవచ్చు. పేరు చెప్పకుండా వర్ణించినా ఆ ఊళ్లో పేరు చెప్పినట్టే. మన నోటినుంచి ఒక్క మాట జారితే ఆ రోగి ఇక క్లినిక్ గడప తొక్కకపోవచ్చు, మనం వెనక్కి వచ్చేశాక కూడా. మొదటి రోజే ఇంటివాళ్లకు మర్యాదగా చెప్పేయాలి: క్లినిక్ సంగతులు ఎవరికీ చెప్పకూడదన్నది మాకు నియమం, మీ ఇంట్లోవాళ్లు వచ్చినా అదే నియమం పాటిస్తాను అని. రెండో సగం వినగానే చాలా కుటుంబాలు స్థిమితపడతాయి. వాలంటీర్ల బసలో ఈ ఒత్తిడి తక్కువ. అయితే అక్కడ మరో ప్రమాదం ఉంది: రోగుల కథలు తోటివారితో చెప్పుకోవడం, ఫొటోలు పంచుకోవడం. ఊరివాళ్లు వినడం లేదు కదా అని నియమం సడలించకూడదు.

రెండో చిక్కు రాత్రిపూట తలుపు తట్టడం. ఇంట్లో క్లినిక్ మనిషి ఉన్నారని తెలిశాక పక్కింటివాళ్లు జ్వరంతో ఉన్న బిడ్డను తెస్తారు. వచ్చినది డాక్టరా, నర్సింగ్ విద్యార్థా, రికార్డులు రాసే వాలంటీరా అన్న తేడా ఆ తల్లికి తెలియదు, తెలియాలని ఆశించడమూ సరికాదు. సంచిలో మన కోసం తెచ్చుకున్న యాంటీబయాటిక్ ఉంటుంది, ఎదురుగా ఏడుస్తున్న తల్లి ఉంటుంది. అర్హత లేకుండా ఆ మందు ఇవ్వకూడదు. ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త ఎవరు, రాత్రి ఎలా పిలవాలి, వాహనం ఎవరిది అన్నవి ముందే తెలుసుకుని ఉంటే, ఆ క్షణంలో వాళ్లతో పాటు నడిచి వెళ్లగలం. అది చిన్న సాయం కాదు. బస ఊరికి దూరంగా, కాపలాతో ఉంటే ఈ పరీక్ష అంతగా ఎదురుకాదు.

మూడోది జబ్బులు మోసుకెళ్లడం. క్లినిక్‌లో రోజంతా దగ్గేవారి మధ్య ఉండి సాయంత్రం ఇంటికి వస్తాం. ఆ ఇంట్లో పసిబిడ్డలు, ముసలివాళ్లు ఉంటారు. బయటివారు తెచ్చే జబ్బు ఎంత దారుణం చేయగలదో హైతీ చూసింది. 2010 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షకుల శిబిరం మురుగు నదిలో కలిసి కలరా వ్యాపించింది, 10,000 మందికి దగ్గరగా చనిపోయారు. 2016లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు. ఒక వాలంటీరు వల్ల అంత ఉపద్రవం రాకపోవచ్చు. అయినా క్లినిక్ బట్టలు మార్చుకుని ఇంట్లోకి వెళ్లడం, విరేచనాలు పట్టుకుంటే వంటింటికి దూరంగా ఉండటం, వెళ్లేముందే టీకాలన్నీ వేయించుకోవడం మనం ఆ ఇంటికి బాకీ ఉన్న పనులు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తికావడానికి సాధారణంగా 6 నెలలు పడుతుంది. ఎల్లో ఫీవర్ ధ్రువపత్రం టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. నీళ్లు ఒక నిమిషం తెర్లించాలి, 2,000 మీటర్లకు పైన ఉన్న ఊళ్లో మూడు నిమిషాలు. మన కోసం అదనంగా కాగే ప్రతి బిందె నీళ్లకూ ఆ ఇంటి కట్టెలే ఖర్చవుతాయి, కాబట్టి ఆ డబ్బు విడిగా ఇవ్వాలి.

వాలంటీర్ల బసను తక్కువచేసి మాట్లాడటం సేవ గురించి రాసేవారిలో ఒక అలవాటుగా మారింది. నాకు అది నచ్చదు. క్లినిక్‌లో ఒక బిడ్డ చనిపోయిన రోజున, ఆ బిడ్డ తెలియని మనుషుల దగ్గర, మన భాషలో ఏడవగలిగే చోటు కావాలి. ఇంటివాళ్లకు ఆ బిడ్డ బంధువే కావచ్చు, వాళ్ల దుఃఖం ముందు మన దుఃఖం పెట్టలేం. ఒంటరిగా వెళ్లే స్త్రీలకు గడియ పడే తలుపు, తెలిసిన దారి, పక్కన ఇంకో స్త్రీ ఉండటం అవసరం. మంచి బసలో ఇవి ఉంటాయి. ఇంటి బసలో అడిగి నిర్ధారించుకోవాలి. బసలోని లోపం కూడా చిన్నది కాదు. సాయంత్రాలన్నీ మనలాంటివారి మధ్యే గడుస్తాయి, ఊరు కిటికీలోంచి కనిపించే దృశ్యంగా మిగులుతుంది, నెలలు గడిచినా భాష పలకరింపులు దాటదు.

వీటన్నిటికీ తీర్పు చెప్పేది గడువు. చాలా దేశాల్లో పిల్లల టీకాలు 6, 10, 14 వారాల వయసులో వేస్తారు. మూడు వారాలకు వెళ్లినవారు ఒక బిడ్డను ఒక్కసారే చూస్తారు. మూడు నెలలున్నవారు అదే బిడ్డ మూడుసార్లు రావడం చూస్తారు, రాకపోతే ఎందుకు రాలేదో అడగగలరు. సాధారణ క్షయకు చికిత్స ఎక్కువగా 6 నెలలు. రక్తపోటుకు అంతం లేదు, రోజూ మాత్ర వేసుకోవాలి. కొద్ది రోజుల శిబిరం పెట్టి 30 మాత్రలు చేతిలో పెట్టి వెళ్లిపోతే, 31వ రోజు ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలి? అందుకే నెలకన్నా తక్కువకు వెళ్లేవారు బసలోనే ఉండాలని నా అభిప్రాయం. కొత్త మనిషికి ఇల్లు అలవాటు చేయడానికే ఇంటావిడకు రెండు వారాలు పడుతుంది. ఆ శ్రమకు ఫలితం కనిపించేలోపే మనం బయలుదేరతాం, ఆమె మళ్లీ మరొకరితో మొదలుపెడుతుంది. పిల్లలు కూడా వచ్చిపోయే ప్రతివారితో మమకారం పెంచుకుని నొచ్చుకుంటారు. మూడు నెలలు, ఆపైన ఉండగలిగితే, చిక్కులన్నీ తెలిసి కూడా నేను ఇంటినే ఎంచుకుంటాను.

పని గురించి నా మాట సూటిగా ఉంటుంది. మన దేశంలో చేయడానికి అర్హత లేని పని అక్కడా చేయకూడదు. కుట్లు వేయడం, కాన్పు చేయించడం నేర్చుకోవడానికి పేదవారి శరీరాలు బడి కావు. అర్హత ఉన్నా స్థానిక నమోదు, తగిన వీసా కావాలి. వైద్యార్హత లేనివారికి కూడా చేతినిండా పని ఉంటుంది: మందుల నిల్వ లెక్కలు, రికార్డులు, టీకాల ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజూ రాసిపెట్టడం. అయితే ఆ పనికి జీతమిచ్చి పెట్టుకోగలిగిన స్థానికులు ఉంటే మనం అడ్డు రాకూడదు. సూదుల దగ్గర పనిచేసేవారు వెళ్లకముందే ఒకటి అడగాలి: పొరపాటున సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ నివారణ మందులు ఎక్కడ దొరుకుతాయి? అవి 72 గంటల్లోపే, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. దీనికి జవాబు లేని చోట సూదులున్న పనికి ఒప్పుకోవద్దు, బస ఏదైనా సరే.

ఇంటిని ఎంచుకునేవారు సంస్థను డబ్బు గురించి మొహమాటపడకుండా అడగాలి. నేను కట్టే రుసుములో ఆ కుటుంబానికి ఎంత చేరుతుంది? ఎవరి చేతికి, ఎప్పుడు? ఆ కుటుంబం వద్దంటే వాళ్ల మీద ఒత్తిడి ఉంటుందా? నా కోసం గది ఖాళీ చేసి ఎవరు ఎక్కడ పడుకుంటారు? చివరి ప్రశ్నకు జవాబిచ్చిన సంస్థ ఆ ఇంటిని నిజంగా చూసి ఉంటుంది. సూటిగా చెప్పనివారి దగ్గర ఆగిపోవడం మంచిది.

మధ్యే మార్గం ఒకటుంది, దొరికితే అన్నిటికన్నా అదే నాకు ఇష్టం. కుటుంబం ఉండే ఆవరణలోనే విడి గది, దానికి వేరే తలుపు, వీలైతే క్లినిక్ ఉన్న ఊళ్లో కాక పక్క ఊళ్లో. భోజనం ఇంటివాళ్లతో, నిద్ర విడిగా. పొద్దున క్లినిక్‌లో చూసే రోగి సాయంత్రం పక్కింటివాడుగా ఎదురయ్యే అవకాశం తగ్గుతుంది. క్లినిక్ బట్టలు గది బయటే ఆగుతాయి. భాష, పొయ్యి, కోతల కాలం కబుర్లు మనకు దక్కుతాయి. క్లినిక్‌కు రాసే మొదటి ఉత్తరంలోనే ఇలాంటి గది ఉందా అని అడగండి. లేకపోతే, మూడు నెలల లోపైతే బస, దాటితే ఇల్లు అడగండి. అడిగేది మాత్రం క్లినిక్‌లో ఏళ్లుగా పనిచేస్తున్న నర్సునే అడగండి. ఏ ఇంట్లో చోటుందో, ఏ ఇంట్లో లేదని చెప్పడానికి మొహమాటపడతారో ఆమెకు తెలుస్తుంది.