పాత డీజిల్ పికప్‌కు వ్యాక్యూమ్ గేజ్, నైట్రైల్ పైపు: నాలుగేళ్లు వాడాక

బ్రేక్ పెడల్ గట్టిపడగానే ముందు వినిపించే మాట "బూస్టర్ పోయింది, మార్చాలి" అని. బూస్టర్ అంటే వ్యాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) బలంతో కాలి ఒత్తిడికి తోడయ్యే డబ్బా. టాటా 207 డీఐ, పాత బొలెరో పికప్ లాంటి బండ్లలో బూస్టర్ జోలికి వెళ్లేముందు దాని దాకా వచ్చే పైపును చూడాలి. అది తేల్చడానికి నాలుగేళ్లుగా ఈ రెండు రకాల బండ్ల మీద వాడుతున్న సామాను ఇది: డయల్ వ్యాక్యూమ్ గేజ్ ఒకటి, టీ జాయింట్ (పైపు మధ్యలో గేజ్ తగిలించే మూడు మూతుల ముక్క) ఒకటి, లోపల నైట్రైల్ రబ్బరు, మధ్యలో గుడ్డ అల్లిక ఉన్న వ్యాక్యూమ్ పైపు రెండు మీటర్లు.

డీజిల్ ఇంజన్‌కు గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో బ్రేకుకు పనికొచ్చేంత వ్యాక్యూమ్ పుట్టదు. అందుకే డైనమో వెనక వ్యాక్యూమ్ పంపు పెడతారు. దానికి మూడు దారులు: బూస్టర్ నుంచి గాలి లాగేది, ఇంజన్ ఆయిల్ వచ్చే సన్న పైపు, ఆ ఆయిల్‌నీ లాగిన గాలినీ కలిపి సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దించే లావు పైపు. ఈ మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి. వ్యాక్యూమ్ లైన్ ఎక్కడైనా లీకైతే బయటి గాలి ఆగకుండా సంప్‌లోకి చేరి బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికొచ్చే గొట్టం) నుంచి ఆయిల్ ఆవిరితో బయటికొస్తుంది. రింగులు అరిగాయని ఇంజన్ విప్పేముందు ఈ లైన్ మూసి బ్రీదర్ చూడాలి.

గేజ్ 0 నుంచి 760 మి.మీ. (పాదరసం లెక్కలో) దాకా గీతలున్నది తీసుకోండి. టీ జాయింట్‌ను నాన్ రిటర్న్ వాల్వ్‌కీ (గాలిని పంపు వైపే పోనిచ్చి, వెనక్కి రానివ్వనిది) బూస్టర్‌కీ మధ్య బిగించాలి. పంపు బాగుంటే ఐడిల్‌లోనే ముల్లు 600 దాటి నిలబడుతుంది. ఎత్తు పెరిగితే ఈ లెక్క తగ్గుతుంది. కాకినాడలో చూపిన దానికంటే హైదరాబాద్‌లో సుమారు 45 మి.మీ., అరకులో దాదాపు 80 మి.మీ. తక్కువ చూపిస్తుంది. అది పంపు తప్పు కాదు. ముల్లు నింపాదిగా ఎక్కుతుంటే ముందు డైనమో బెల్టు బిగువు చూడండి.

తర్వాత ఇంజన్ ఆపి, పెడల్ ముట్టుకోకుండా 15 సెకన్లు చూడాలి. 25 మి.మీ. లోపు తగ్గితే సరే. అంతకంటే పడితే ఇంజన్ మళ్లీ వేసి, ముల్లు ఎక్కాక టీకీ బూస్టర్‌కీ మధ్య పైపును గుడ్డ చుట్టిన ప్లయర్‌తో గట్టిగా నొక్కి ఇంజన్ ఆపండి. ముల్లు నిలబడితే లీకు బూస్టర్ వైపుంది. పడితే వాల్వ్‌లోనో, టీ జాయింట్ దగ్గరో ఉంది. నొక్కాక లోపల మిగిలే చోటు చాలా చిన్నది కాబట్టి లీకుంటే ముల్లు ఒక్కసారిగా కూలిపోతుంది, సందేహానికి తావుండదు. కొన్ని బండ్లలో వాల్వ్ బూస్టర్ మీది రబ్బరు రింగులోనే (గ్రోమెట్) ఉంటుంది. అక్కడ టీ పంపు వైపే పెట్టగలం, ఇంజన్ ఆపగానే ముల్లు పడటం సహజం. ఆ బండికి పెడల్ పరీక్షే దారి: నిమిషం నడిపి ఆపి, ఐదు నిమిషాలాగి తొక్కండి. మొదటిసారి లోతుగా, రెండోసారి, మూడోసారి పైపైకి రావాలి. మొదటి తొక్కుకే రాయిలా ఉంటే లీకుంది.

పైపు సంగతి ఇంకా ముఖ్యం. పాత పైపు బయటికి నున్నగా ఉన్నా, నిలువునా కోసి చూస్తే లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతూ కనిపిస్తుంది. పంపు లాగినప్పుడు ఆ నాలుక దారి మూసేస్తుంది. పొద్దున బ్రేకు బాగుండి, ఇంజన్ వేడెక్కాక గట్టిపడితే మొదటి అనుమానం దీనిమీదే. డీజిల్ పైపు, పారదర్శక ప్లాస్టిక్ పైపు వేడికి మెత్తబడి లోపలికి అణిగిపోతాయి, వేయకండి. రంగురంగుల పల్చటి సిలికాన్ పైపూ వద్దు. పంపు దగ్గరి ఆయిల్ ఆవిరికి అది ఉబ్బి క్లిప్పు దగ్గర జారుతుంది.

బిగించేటప్పుడు పైపు నిపిల్ (పైపు తొడిగే మూతి) మీద కనీసం రెండు సెంటీమీటర్లు ఎక్కాలి. స్క్రూ క్లిప్పు అతిగా తిప్పితే రబ్బరు కోసుకుంటుంది. వాల్వ్ మీది బాణం పంపు వైపు ఉండాలి. తిరగేస్తే బూస్టర్‌కు వ్యాక్యూమే అందదు. తీసిన పైపు బూస్టర్ కొసలో ఇంజన్ ఆయిల్ కనిపిస్తే వాల్వ్ పాడైనట్టే. బూస్టర్ లోపల బ్రేక్ ఆయిల్ ఉంటే మాస్టర్ సిలిండర్ వెనక సీల్ పోయింది.

లోపాలూ ఉన్నాయి. గేజ్‌తో వచ్చిన ప్లాస్టిక్ టీ బానెట్ వేడికి పగిలింది. ఇత్తడిది పెట్టాక ఇబ్బంది లేదు. నైట్రైల్ పైపుకు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన మూడో ఎండాకాలానికే పైపొర మీద సన్న పగుళ్లొచ్చాయి. అక్కడ ఒక జానెడు దూరం జరిపి కట్టండి.

పరీక్ష అయ్యాక గేజ్, టీ రెండూ తీసేసి ఒకే ముక్క పైపు వేయాలి. బండి కదిలించేముందు ఇంజన్ ఆపి ఐదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితేనే రోడ్డెక్కాలి. దిగకపోతే ఘాట్ సంగతి అటుంచి, వీధి చివరి దాకా కూడా తీసుకెళ్లకండి.