వెనక ఎత్తు పెంచాక వచ్చే అదురు: మాగ్నెట్ యాంగిల్ గేజ్ కొనదగ్గదేనా?

వెనక సస్పెన్షన్ ఎత్తు పెంచాక బండి అదిరితే చాలామంది మొదట చక్రాలు బ్యాలెన్స్ చేయిస్తారు, తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే పొడవాటి గొట్టం) బ్యాలెన్స్ చేయిస్తారు. అదురు మాత్రం పోదు. నిన్నటిదాకా లేనిది ఎత్తు పెంచగానే వచ్చిందంటే మొదట చూడాల్సింది ఆ షాఫ్ట్ రెండు కొసల్లోని జాయింట్ల కోణాలు. అందుకు పనికొచ్చేది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన డిజిటల్ యాంగిల్ గేజ్, వడ్రంగులు రంపం బ్లేడు వంపు చూసుకునేదే. అడుగున అయస్కాంతం, వి ఆకారపు గాడి ఉన్న రకం తీసుకోండి. గాడి లేనిది గుండ్రటి షాఫ్ట్ మీద కుదురుగా నిలవదు.

తెర మీద 0.05 డిగ్రీ దాకా కనిపించినా, నమ్మదగ్గది 0.2 డిగ్రీ మటుకే. ఈ పనికి అది చాలు. కొన్న రోజే పరీక్షించండి: ఒక చోట పెట్టి అంకె చూసి, అక్కడే ముందువెనకలు తిప్పి మళ్లీ చూడాలి. అంకె మారకుండా వాలు దిశ మాత్రమే మారితే గేజ్ బాగున్నట్టు.

కొలిచేటప్పుడు బండి తన చక్రాల మీదే, మామూలు బరువుతో నిలబడి ఉండాలి. జాకీ మీద ఛాసిస్ లేపితే యాక్సిల్ కిందికి వేలాడుతుంది, అప్పుడు వచ్చే అంకెలు దేనికీ పనికిరావు. మూడు చోట్ల కొలవాలి: గేర్‌బాక్స్ అవుట్‌పుట్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బిగించే ఉక్కు బిళ్ల), షాఫ్ట్ గొట్టం, పినియన్ (షాఫ్ట్ తిప్పే యాక్సిల్ గేరు) ఫ్లాంజ్. అల్యూమినియం హౌసింగ్‌కు అయస్కాంతం అతుక్కోదు కాబట్టి ఫ్లాంజ్ ఉక్కు మీదే పెట్టాలి. గొట్టం మీద బ్యాలెన్స్ బిళ్లలు, తుప్పు, అండర్‌కోటింగ్ పెచ్చులు లేని చోటు చూసుకుని రుద్ది శుభ్రం చేయండి. నేల కాస్త వాలుగా ఉన్నా ఫరవాలేదు. మనకు కావలసింది అంకెల మధ్య తేడా, మూడింటికీ ఆ వాలు ఒకటే.

ఈ గేజ్‌తో పెద్ద ఇబ్బంది దిశ. చాలా రకాలు అంకె పక్కన చిన్న బాణం మాత్రమే చూపిస్తాయి, బండి కింద పడుకుని చూస్తే అది కంటికి ఆనదు. ఉదాహరణకు గేర్‌బాక్స్ వెనక్కి 4.0 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ 6.8. ఆ తేడా 2.8, అదే ముందు జాయింట్ కోణం. పినియన్ దగ్గర 1.5 వచ్చింది. పినియన్ ముక్కు, అంటే దాని ముందు కొస, పైకి ఉంటే వెనక జాయింట్ కోణం 5.3, కిందికి ఉంటే 8.3. అంకె ఒకటే, రోగం వేరు. అందుకే ప్రతి అంకె పక్కన ‘ముక్కు పైకి’ అనో ‘కిందికి’ అనో చేత్తో రాసుకోండి.

5.3 అనుకుందాం. మామూలు యూ-జాయింట్ (రెండు చీలిక కొసలను, అంటే యోక్‌లను, నాలుగు కాళ్ల క్రాస్‌తో కలిపే కీలు) కోణంలో తిరిగితే షాఫ్ట్ వేగం చుట్టుకు రెండుసార్లు హెచ్చుతగ్గులవుతుంది. రెండు కోణాలూ ఒక డిగ్రీ లోపు తేడాతో ఉంటే ఒకదాని హెచ్చుతగ్గును ఇంకోటి సరిచేస్తుంది. ఇక్కడ తేడా 2.5. లీఫ్ స్ప్రింగ్ (కమాను పట్టీల) బండికి పట్టీలకూ యాక్సిల్‌కూ మధ్య 2 డిగ్రీల ఉక్కు వెడ్జ్ (ఒక వైపు మందంగా ఉండే చీల) వేస్తే పినియన్ 3.5కి వస్తుంది, వెనక కోణం 3.3 అవుతుంది, తేడా అర డిగ్రీ. చేతికందిందని 4 డిగ్రీల వెడ్జ్ వేశారో, పినియన్ 5.5కి పోయి తప్పు అవతలి వైపుకి తిరుగుతుంది. పైగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కమాను పట్టీలు మెలిపడి ముక్కు ఇంకా లేస్తుంది. ఈ అంకెలు చేతిలో లేకుండా వెడ్జ్ కొనకండి. అల్యూమినియం వెడ్జ్‌లు పగులుతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. పట్టీలు యాక్సిల్‌కు పైన ఉన్న బండిలో ముక్కు లేవాలంటే వెడ్జ్ మందం వెనక్కి ఉండాలి, పట్టీలు యాక్సిల్ కింద ఉంటే దీనికి తలకిందులు.

గేర్‌బాక్స్ వైపు డబుల్ కార్డన్ జాయింట్ (రెండు యూ-జాయింట్లు పక్కపక్కనే కూర్చిన కీలు) ఉన్న షాఫ్ట్‌కు ఈ సమానత్వపు లెక్క వర్తించదు. అక్కడ పినియన్ దాదాపు షాఫ్ట్‌కు సూటిగా చూడాలి, తేడా ఒక డిగ్రీ లోపే.

గేజ్ బదులు ఫోన్ యాప్ చాలదా అంటే, కోణానికి చాలదు: ఫోన్ అంచులు గుండ్రం, కేసు మెత్తన. అదురు కొలవడానికి మాత్రం పనికొస్తుంది. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు, యాక్సిల్ నిష్పత్తి 3.9 అనుకుంటే 40 కిలోమీటర్ల వేగంలో షాఫ్ట్ సెకనుకు సుమారు 21 చుట్లు తిరుగుతుంది. అదురు 21 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తే బ్యాలెన్స్ అనుమానించాలి, 42 దగ్గరైతే జాయింట్ కోణం. సెకనుకు 100 సార్లే నమోదు చేసే ఫోన్ 50 హెర్ట్జ్ దాటిన అదురును సరిగ్గా పట్టలేదు. ఆ పరీక్ష తక్కువ వేగంలోనే చేయాలి.

కోణాలు కుదిరాక కూడా అదిరితే గేజ్ పని అయిపోయినట్టే. అరిగిన క్రాస్, విప్పి బిగించేటప్పుడు ఒకే వరసలోకి రాని యోక్‌లు, ఎత్తు వల్ల బయటికి జరిగిన స్లిప్ యోక్ (షాఫ్ట్ పొడవు సర్దుకునేలా జారే కొస), రెండు ముక్కల షాఫ్ట్ అయితే నడుమ దాన్ని మోసే సెంటర్ బేరింగ్... వీటిని చేత్తో ఊపి, కంటితో చూసి పట్టుకోవాల్సిందే.